భయపడిన రోజులు పన్నెండు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మానసిక వైద్య విభాగపు దస్త్రములో నా పేరుకు ఎదురుగా 'చికిత్సకు స్పందన లేదు' అని రాసి, మిగిలిన ఆరు వారముల కౌన్సెలింగు నిలిపివేసినందున, సదరు మాటను కొట్టివేసి చికిత్స కొనసాగించుట గురించి.

1. నా వయస్సు పంతొమ్మిది సంవత్సరములు. కళ్ళద్దాల దుకాణములో అద్దాలు అరగదీసి ఫ్రేములలో బిగించు పని నేర్చుకొనుచున్నాను. ఆందోళన జబ్బు నిమిత్తము తమ ఆసుపత్రిలో పద్నాలుగు వారముల చికిత్సకు చేరి, ఎనిమిది వారములు ఒక్కటి తప్పకుండా హాజరైతిని.

2. జబ్బు వివరము: అద్దాలు తయారయ్యాయని ఫోను చేసి చెప్పమని మా యజమానురాలు అన్నప్పుడల్లా ఫోను ఎత్తి మళ్ళీ పెట్టేసేదాన్ని. ఏడాదిపాటు ఆ ఫోన్లు అమ్మ చేత చేయించాను. అమ్మ ఇంట్లో కూర్చుని, నా గొంతు పెట్టి, దుకాణం నుంచి మాట్లాడుతున్నామని చెప్పేది. ఒక వారం అమ్మకు జ్వరం వచ్చింది. పద్దెనిమిది జతలు సొరుగులోనే ఉండిపోయాయి. చూపు ఆనని ఒక పెద్దాయన గోడ పట్టుకుంటూ తానే వచ్చాడు. అద్దాలు తయారై వారమైందని అప్పుడే ఆయనకు తెలిసింది. వాటిని పెట్టుకుని నన్ను చూశాడు, అంతే. మర్నాటి నుంచి నేను పనికి పోలేదు.

3. పని మానిన నెలకు తమ ఆసుపత్రిలో చేరితిని. చేరిన నాడు ఇచ్చిన కాగితములో 'గత రెండు వారములలో ఎన్ని రోజులు భయపడ్డారు?' అని ఉన్నది. మూడు అని రాశాను. అబద్ధం కాదు. మిగతా రోజులు మంచం దిగలేదు. మంచం దగ్గరికి ఏ కస్టమరు వస్తాడు గనుక భయపడడానికి?

4. కౌన్సెలరమ్మ ఒక నోటుపుస్తకం పెట్టించింది. ఎడమవైపు, ఏం జరుగుతుందని భయమో రాయాలి. వెళ్ళి ఆ పని చెయ్యాలి. కుడివైపు, ఏం జరిగిందో రాయాలి. నాలుగో వారం నేను తగువు పెట్టుకున్నాను. భయం పోగొట్టమని వస్తే భయమున్న చోటికే తోస్తారేమిటన్నాను. ఆమె నొచ్చుకోలేదు.

"భయం తగ్గాక చేద్దామని ఏడాది కూర్చున్నావు కదా. ఈసారి దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళి చెయ్యి. ఏమైందో రాసుకురా" అంది.

అయిదో వారం దుకాణానికి వెళ్ళాను. ఎడమవైపు రాసుకున్నాను: తడబడతాను, నవ్వుతారు, యజమానురాలు పొమ్మంటుంది. ఫోను కలిసింది. హలో అనబోయి "అమ్మా" అన్నాను.

అవతల మగగొంతు. "అమ్మ బజారుకెళ్ళింది, నాతో చెప్పండి" అన్నాడు.

అద్దాలు తయారయ్యాయని చెప్పాను. సాయంత్రం వస్తానన్నాడు. కుడివైపు ఇలా రాశాను: తడబడ్డాను. నవ్వలేదు. పొమ్మనలేదు. చెమటకు జాకెట్టు తడిసిపోయింది.

5. ఆ తరువాత రోజూ ఫోన్లు చేయుచున్నాను. ఎనిమిదో వారం మళ్ళీ అదే కాగితం ఇచ్చారు. పన్నెండు రోజులు భయపడ్డానని రాశాను. పనికి వెళ్ళినవి పన్నెండు రోజులు గనుక. దానిపై తమ గుమాస్తా గారు, "మూడు కాస్తా పన్నెండయిందమ్మా. తగ్గకపోతే ఆపెయ్యాలని రూలు" అన్నారు. ఆ పన్నెండు రోజులూ నేను ఎక్కడున్నానో అడగరా అన్నాను. "అది రాయడానికి గడి లేదు" అన్నారు. కౌన్సెలరమ్మ రాసిచ్చిన అభ్యంతరమును దస్త్రం వెనక కుట్టియున్నారు. చదివినట్టు ఎవరి సంతకమూ లేదు.

సంగతి విని అమ్మ, పోనీలే, ఫోన్లు మళ్ళీ తానే చేస్తానంది. ప్రేమతోనే అంది. వద్దన్నాను. అమ్మకు ఎదురు చెప్పడం అదే మొదలు. తమరికి చెప్పడం రెండోది.

6. ఈ చికిత్స అందరికీ పట్టిందని బొంకను. నాతోపాటు బెంచీ మీద కూర్చునే ఒక అబ్బాయి మూడో వారానికే తేలికపడ్డాడు. ఒక అమ్మాయికి ఇంతవరకు వీసమెత్తు మారలేదు. ఆమెకు మరో దారి వెతకవలసినది తమరు. ఆమె కాగితం మీద కూడా ఇదే ముద్ర వేసి ఇంటికి పంపితిరి. స్పందన లేనిది ఆమెకా, ఈ కార్యాలయానికా?

కావున 'స్పందన లేదు' అను మాటను ఎర్రసిరాతో కొట్టివేయవలెను. మా ఇద్దరినీ తిరిగి పిలువవలెను. ఆ కాగితములో 'భయపడుతూనే చేసిన పనులు' అని ఒక గడి చేర్చవలెను. ఇవి దయతలచి చేయవలసినవి కావు, చదివిన మీదట చేయక తప్పనివి. అందుకే చదివి చిత్తగించవలెనని మాత్రమే అడుగుచున్నాను.

ఇట్లు,
ఈ ఒక్క కాగితం వరకు తమ విధేయురాలు,
దస్త్రం నంబరు 212లో ఉన్న మనిషి

తా.క.: ఈ అర్జీ పోస్టులో వెయ్యను. సోమవారం పది గంటలకు నేనే తెచ్చి తమ చేతికిస్తాను. అప్పుడు నా చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. అది చూసి కూర్చోమంటారు, మంచినీళ్ళు తెప్పించబోతారు. నీళ్ళు వద్దండి. రసీదు ఇప్పించండి.