తెల్లమచ్చల తెర

ఖాదర్ మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ప్రొద్దుటూరులో మన నాటక సమాజం తెరలను ఫైర్ ఆఫీసరు పరీక్షించాడు. ముందు తెర నుంచి చిన్న పీలిక కత్తిరించి అగ్గిపుల్ల పెడితే భగ్గుమంది.

నిప్పంటకుండా నువ్వు కొట్టిన బోరాక్స్ నీళ్లు తెల్లమచ్చలు కట్టాయని నేనే దాన్ని ఉతికించాను. "ఉతికితే మందు పోతాదప్పా" అని మొత్తుకున్నావు. "ఇన్ని పుస్తకాలు చదివినోడికి నువ్వు చెప్తాండావా?" అన్నాను. కమిటీ పెద్దలంతా పళ్లికిలించారు.

ఉతకని వెనక తెర మాత్రం నల్లబడిందే గానీ అంటుకోలేదు. "ఇది ఎవురు చేసినారు పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు. నీ పేరు చెప్పాను.

కమిటీవాళ్లు కాఫీలు తాగి ఇళ్లకు పోయారు. వేన్నీళ్లలో నేనే బోరాక్స్ కలిపాను. ముందు తెర విప్పి ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస పట్టుకునే మనిషి లేడు.