పదకొండుసార్లూ ఒకే అంకె

బంగారుతల్లీ,

నువ్వింకా రైల్లోనే ఉంటావు. పాపకి ఒంట్లో బాగాలేదు, రమ్మని మాత్రమే ఫోన్లో చెప్పాను. మిగతాది ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే మాట దాటేస్తాను. ముందు పాపను చూసుకో, తరవాతే ఇది చదువు.

తప్పు నాది. మంచి థర్మామీటర్ కొనమని డబ్బు పంపి, కంపెనీ పేరు కూడా రాసిచ్చావు. మందుల షాపతను రెండు రకాలు చూపించి, "ఇదీ అదే పని చేస్తుందండీ, ఆ రేటంతా పేరుకే" అన్నాడు. ఇన్నాళ్లూ నేను నీకు చెబుతూ వచ్చిందీ అదే కదా. ఊరూపేరూ లేనిది నాలుగో వంతు ధరకి తెచ్చాను. మిగిలిన డబ్బు పాప డిబ్బీలో వేసి, గర్వపడ్డాను కూడా.

సోమవారం పాప మంచం దిగనంది. "అమ్మమ్మా, చలేస్తోంది" అంది. పెట్టి చూశాను. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. "ఏమీ లేదు, నాటకాలాడకు" అని తల దువ్వి బడికి పంపించాను. మంగళవారం నుదురు ముట్టుకుంటే చురుక్కుమంది. అంకె మాత్రం అదే. నా చేతిని నమ్మలేదు తల్లీ, అంకెను నమ్మాను. టైముతో సహా పుస్తకంలో రాసుకుంటూ పోయాను.

ఇవాళ పొద్దున పన్నెండోది రాయబోతూ పై వరసలు చూశాను. పదకొండుసార్లూ ఒకటే. ముప్ఫై ఏళ్లు లెక్కల పేపర్లు దిద్దినదాన్ని. పదకొండు పేపర్లలో ఒకే జవాబు కనబడితే క్లాసు మొత్తాన్నీ నిలబెట్టేదాన్ని. థర్మామీటర్ని పొగలు కక్కే నీళ్ల గ్లాసులో ముంచాను.

తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

పాపను ఎత్తుకుని మెట్లెలా దిగానో తెలీదు. కాళ్లకి చెప్పులు కూడా లేవు. దారిలో అది కళ్లు తేలేసింది, ఒళ్లంతా కొట్టుకుంది. నర్సు చూసి, "నూట నాలుగు! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?" అంది. పుస్తకం నా చేతిలోనే ఉంది. చూపించలేకపోయాను. తలుపు వేసి గంటయింది. లోపలినుంచి చప్పుడు లేదు. అది ఒక్కసారి గట్టిగా ఏడిస్తే బాగుండు.

మీ అమ్మ

*

బంగారుతల్లీ,

ఇది నీ సంచీలో పెడుతున్నాను, రైలెక్కాక చూసుకో.

ఆ ఉత్తరం చదివి కేకలేస్తావనుకున్నాను. "చీపురు చవకది కొను, బకెట్టు చవకది కొను, నేనేమైనా అన్నానా అమ్మా? ఇది మనకి నిజం చెప్పాల్సిన వస్తువు" అని ఊరుకున్నావు. పాపను తీసుకుపోతావని వారమంతా బిక్కుబిక్కుమంటూ గడిపాను. నా దగ్గరే వదిలి వెళ్తున్నావు. నమ్మకంతోనో, వేరే దారి లేకో, అడగను. అడిగే ధైర్యం లేదు.

నువ్వు తెచ్చిన కొత్తదాన్నీ గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూశాను. అంకె కదిలింది. అయినా గంటకోసారి పాప నుదురు తడుముతున్నాను. ఇందాక విసుగొచ్చి నా చెయ్యి తోసేసి, తన అరచెయ్యి నా నుదుటి మీద పెట్టింది. "నీకేమీ లేదు అమ్మమ్మా, నాటకాలాడకు" అంది.

పుస్తకంలో ఆ పదకొండూ కొట్టెయ్యలేదు. పన్నెండో వరస ఖాళీగా ఉండిపోయింది కదా, అక్కడ అంకె వెయ్యలేదు. "పాప చెయ్యి చల్లగా ఉంది" అని రాశాను.

మీ అమ్మ