ఒక్క పద్యమే అన్నాను

ఫిబ్రవరి 2, 2025. ఆదివారం

జయరాజు ఫైనల్‌కు వెళ్ళాడు!

కేక వేశాను. వంట చేసే రాణి చేతిలో గిన్నె జారవిడిచింది. మా ఆయన గోపాల్ పేపర్ దించి, ఇగ మిర్యాలగూడ మొత్తానికి ఎరుకైంది, మిల్లు బంద్ పెట్టమంటవా అన్నాడు. పెట్టమన్నాను.

'పద్యమండపం' మొదలైనప్పటి నుంచి ఆదివారం పదకొండు గంటలకు నేనెవరికీ దొరకను. స్టేజీ నాటకాల వాళ్ళను తెచ్చి టీవీలో పద్యాలు పాడించే షో. అందరిలో నాకు నచ్చినవాడు మోతె జయరాజు. సూర్యాపేటలో ఏదో ప్రైవేటు స్కూల్లో తెలుగు సారు. రాజు వేషం కట్టి చెరసాల సీనులో పద్యం ఎత్తుకున్నాడంటే ఆ రోజు నాకు అన్నం సయించదు.

కానీ ఈ టీవీ వాళ్ళకు చెవులు లేవు. రాగం సాగే చోట కోసేసి యాడ్ వేశారు. స్టేజీ మీదైతే రాగం అయ్యేసరికి హాలు లేచి వన్స్ మోర్ అంటుంది, పాడినవాడు అదే పద్యం మొదటి నుంచి ఎత్తుకుంటాడు. అడిగినా పాడనివాడికి పొగరని పేరు పడుతుంది. టీవీలో ఆ భాగ్యం లేదు.

చిన్నప్పుడు నేనూ పాడేదాన్ని. మన ఇండ్లల్ల ఆడపిల్లలు వేషగాళ్ళ లెక్క పాడరు అని మా నాన్న నోరు మూయించాడు. సరే, ఇప్పుడెందుకు ఆ గోల.

ఫిబ్రవరి 9, ఆదివారం

పదకొండు గంటలకు జయరాజు లేడు. ఎవరో గోంగూర చికెన్ వండుతున్నారు.

ఫిబ్రవరి 11

ఛానెల్‌కు ఫోన్ చేసీ చేసీ చెవి కాలింది. చివరికి ఒక పిల్ల ఎత్తి, రేటింగ్ లేదని షో క్యాన్సిల్ చేశారు మేడమ్ అంది. మరి ఫైనల్? షూట్ చేయలేదట, చేయరట. ఆ పిల్లను నానా మాటలూ అన్నాను. ఏడ్చినట్టుంది. కొంచెం హాయిగా అనిపించింది.

మా వాట్సాప్ గ్రూప్ 'జయరాజు అభిమానులు' నుంచి జనం ఒక్కొక్కరే లెఫ్ట్ అవుతున్నారు. అడ్మిన్‌ని నేను. ఊరుకుంటానా? ఫైనల్ మేమే పెడతాం. కోదాడలో, ఫంక్షన్ హాల్లో, రాగం కోసేవాళ్ళు లేకుండా.

ఫిబ్రవరి 16

జయరాజు వాళ్ళ ఊరు మోతె వెళ్ళాను. నన్ను చూసి లేచి దండం పెట్టాడు గానీ నోరు తెరవలేదు. మాట్లాడిందంతా అతని భార్య మంజుల. గొంతులో కాయలాంటిది లేచిందట. మూడు నెలలు మాటే వద్దని సూర్యాపేట డాక్టరు చెప్పాడట. స్కూలుకు లీవు పెట్టాడట. పాడితే గొంతు పోతదన్నడమ్మా, గా గొంతుతోనే మా ఇల్లు నడుస్తది, జర ఆగుండ్రి అంది.

మూడు నెలలు ఆగితే జయరాజు ఎవరో ఎవరికి గుర్తుంటుంది? ఆ మాట అతని ముఖం మీదే అన్నాను. తల దించుకున్నాడు. ఫైనల్ అంటే అతనికి మాత్రం ఆశ ఉండదా! ఒక్క పద్యం పాడు, ఒకే ఒక్కటి, తర్వాత ఏడాది పాటు మౌనవ్రతం పట్టు అన్నాను. మంజుల కాదనేలోపే తల ఊపాడు.

మంజుల కారు దాకా వచ్చి, ఒక్కటే కదమ్మా, ఒట్టు వెయ్యుండ్రి అంది. వేశాను.

మార్చి 8, శనివారం. కోదాడ నుంచి వచ్చాక

సంతోషమో ఇంకేమిటో తెలియదు. వరసగా రాస్తాను.

హాలు నిండింది. జయరాజు రాజు వేషంలో చెరసాల పద్యం పాడాడు. టీవీలో ఎన్నడూ వినని గొంతు అది. రాగం పైకి పోయి అక్కడే నిలబడిపోయింది. నేను ఏడ్చాను, పక్కనున్న టీచరమ్మ ఏడ్చింది. చప్పట్ల మధ్య అతను దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

వన్స్ మోర్ అన్నది నేనే. మొదటి వరసలో లేచి నిలబడి అన్నాను. హాలంతా అందుకుంది.

ఒట్టు తప్పలేదు. ఒక్క పద్యమే అన్నాను. వన్స్ మోర్ అంటే ఇంకో పద్యం కాదు, అదే పద్యం.

అతను నా వైపు చూశాడు. స్టేజీ మనిషి, కాదనలేడు. రెండోసారి కూడా బాగానే పాడాడు. మళ్ళీ అడిగాను. ఈసారి హార్మోనియం సైదయ్య శ్రుతి ఒక మెట్టు కిందికి దించాడు. నాకు తెలియదనుకున్నాడా? పాత శ్రుతే కావాలని అరిచాను. అమ్మగారూ, ఆయన వల్ల కావట్లేదండీ, వదిలెయ్యండి అన్నాడు. వాయించడానికి వచ్చావు, వాయించు అన్నాను. వాయించాడు.

రాగం ఎత్తుకున్న చోట గొంతు చీలింది. తర్వాత ఉత్త గాలి వచ్చింది. తర్వాత అదీ లేదు, నోరు మాత్రం ఆడుతోంది. చెరసాలలో రాజు కదా, నటన అనుకుని వెనక వరసల వాళ్ళు ఈలలు వేశారు. మంజుల స్టేజీ ఎక్కి భర్త నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

అంతమందిలో ఆమె అట్లా చేయకుండా ఉండాల్సింది.

మార్చి 12

మొదటిసారి పాడిన వీడియో గ్రూపులో పెట్టాను, యూట్యూబ్‌లోనూ పెట్టాను. హార్ట్‌లే హార్ట్‌లు. మిగతా రెండూ డిలీట్ చేశాను.

మార్చి 27

మంజుల ఫోన్ చేసింది. ఖమ్మంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారట. గొంతులో తీగ చిట్లిందట. ఇక పాట రాదట, మాట కూడా గుసగుసేనట. స్కూలు వాళ్ళు వేరే సారును పెట్టుకున్నారట. ఒక్కటే అంటివి కదమ్మా, ఒట్టు వేస్తివి కదా అంది.

ఒక్కటే పాడాడు కదా అన్నాను.

ఫోన్ పెట్టేసింది. కోదాడలో మేం కప్పిన శాలువాను సాయంత్రం ఎవరితోనో తిరిగి పంపింది. మంచి శాలువా, ఏరి కొన్నాను. మంజులను గ్రూపులోంచి తీసేశాను.

ఏప్రిల్ 21

వడ్లు వస్తున్నాయి, మిల్లు ముందు ట్రాక్టర్ల బారు. గోపాల్ నన్ను అడక్కుండా జయరాజును కాంటా గదిలో పనికి పెట్టాడు. బండి తూకం చూసి రాసుకోవడమే, మాటతో పని లేదు. ఎందుకు పెట్టావని అడిగితే, ఎందుకో నీకెరుక లేదా అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఏప్రిల్ 29

జయరాజు ఇంటికి వచ్చాడు. సోఫాలో కూర్చోబెట్టి, పెద్ద టీవీలో ఆ వీడియో పెట్టాను. అభిమానిని, అంతకన్నా ఏమివ్వగలను? చివరి దాకా చూశాడు. తర్వాత ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు. అమ్మా, దీన్ని తీసెయ్యుండ్రి. మా చిన్నది రోజూ ఇదే పెట్టి, నాయినా, గిట్ల పాడు అని అడుగుతున్నది.

ఎన్ని వేల మంది చూశారో చూపించాను. అది ఇక నీది కాదు, వాళ్ళది అన్నాను. నాది అనబోయి ఆగాను. టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఎంత కోపం వచ్చిందో. అట్లాంటి గొంతు దేవుడు నాకు ఇచ్చి ఉంటే! ఈర్ష్య అంటే ఈర్ష్యే అనుకో. ఇది ఎవరు చదివేది ఉంది.

మే 6

పొద్దున మిల్లు వాకిట్లో నిలబడి ఆ పద్యం నేను పాడాను. గట్టిగా, రాగంతో సహా. హమాలీలు బస్తాలు దించి చూశారు. కాంటా గదిలో జయరాజు లేచి కిటికీ మూశాడు.