కొత్త డబ్బాలో పాత ఆయిలు

నాన్నగారికి, మేమిద్దరం కులాసా. బండి కూడా కులాసాగానే ఉంది. అది మీ ఆశీస్సుల వల్లే అనుకోవాలి, మా తెలివి వల్ల మాత్రం కాదు.

ముసలి పికప్పుకు వేళకు ఆయిలు మార్చారా అని ప్రతి కార్డులోనూ అడుగుతారు. మార్చాం, వరసగా రెండుసార్లు. నిన్న మీ చిన్నబ్బాయి ఇంజన్లో ఆయిలంతా దించేసి, మూలనున్న డబ్బా ఎత్తి పోశాడు. పొద్దున లోడు ఎక్కించబోతూ ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే బొగ్గు కడిగిన నీళ్ళలా ఉంది.

"నిన్ననే పోశానన్నయ్యా, కొత్త డబ్బానే" అంటాడు.

డబ్బా కొత్తదే. అందులో ఉన్నది పోయినసారి దించిన ఆయిలు. తలుపు బందులకు పనికొస్తుంది, పారబొయ్యకుండా ఖాళీ డబ్బాలో దాచండి అని మాకు నేర్పిందెవరు? లోడు వేరే బండికి పోయింది, ఆయిలు మళ్ళీ దించడానికి నేను బండి కిందకు పోయాను.

ఇకమీదట వాడికి పొదుపు పాఠాలు రాయకండి. చెల్లి పరీక్షలు ఎలా రాసింది? నా పాత స్వెట్టరు పంపండి. అమ్మకు నమస్కారాలు. వంటింటి గట్టు కింద మీరు దాచిన డబ్బాలు కూడా ఉన్నాయి కదా, బాణలిలో పోసేముందు ఒకసారి వాసన చూడమని చెప్పండి.

మీ పెద్దబ్బాయి