పుస్తకం పక్కన పెట్టమన్న క్లాసు

మార్చి 5, బుధవారం

మోసం! కోపం తగ్గించే క్లాసంటే ఏ డాక్టరో కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడతాడనుకున్నాను. తీరా వెళ్తే పెద్ద హాలు, స్పీకరు, సాక్సులతో పదిమంది. డ్యాన్సు! ఇరవై ఏళ్లుగా వేదికెక్కి ఆ గంతులను ఖండిస్తున్న బోధకుణ్ణి నేను. నేర్పే మేడమ్‌కి మా అమ్మాయి వయసుంటుంది. లోపలి కోపాన్ని ఒంటితో బయటికి రానివ్వాలట. చెట్టులా ఊగమంది. ఊగలేదు.

మానేద్దామంటే కుదరదు. మా ఆవిడ వాళ్లక్క ఇంట్లో కూర్చుంది. ఎనిమిది క్లాసులూ పూర్తి చేస్తేనే వస్తానని కబురు. ఆమె వెళ్లిపోయిన రోజు భోజనం దగ్గర వాక్యం వివరిస్తూ గ్రంథాన్ని బల్ల మీద బాదిన మాట నిజమే. పళ్లెం పగిలింది. అంతే. ఆమె మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు.

మార్చి 6

డ్యాన్సు పాపమని చూపించే వాక్యం కోసం పొద్దుట్నుంచీ వెతికాను. దేవుని ఎదుట ఒళ్లు మరిచి నాట్యమాడిన రాజు దొరికాడు. పేజీ తిప్పేశాను.

మార్చి 12, బుధవారం

నా చేతిలో గ్రంథం చూసి, పుస్తకం పక్కన పెట్టండి అంకుల్, చేతులు ఖాళీగా ఉండాలి అంది మేడమ్. పెట్టనన్నాను. ఒక్క చెయ్యే ఎత్తాను. గురువుగారూ, బస్సులో నిలబడి రాడ్డు పట్టుకున్నట్టుంది మీ వాలకం అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు. అందరూ నవ్వారు. ఈ మనిషికి రక్షణ లేదు.

మార్చి 20

వదినకి ఫోను చేశాను. మూడు క్లాసులు చాలవా, నేనేమైనా తాగుబోతునా అని అడిగాను. నెమ్మదిగా మాట్లాడండి మరిదిగారూ, స్పీకరు పెట్టకుండానే ఇల్లంతా వినబడుతోంది అంది. నేనేం అరవలేదు. గట్టిగా బోధించాను.

ఏప్రిల్ 9, రాగానే రాస్తున్నాను

ఆరో క్లాసు. జంటలు కట్టించారు. నాకు డ్రైవరే తగిలాడు, నా ఖర్మ. ఇంట్లో ఒకరు ఎలా కదులుతారో చేసి చూపించాలి, ఎదుటివాళ్లు అచ్చం అలాగే చెయ్యాలి అంది మేడమ్. మా ఆవిడ నాకు టీ తెచ్చే తీరు చేద్దామనుకున్నాను. అంతకంటే సులువేముంది? చేతిలో పుస్తకమే కప్పు అనుకున్నాను. రెండడుగులు వేశాను. కుడి భుజం దానంతటదే ముడుచుకుంది. మెడ లోపలికి పోయింది. ఎడమ చెయ్యి చెవి మీదికి లేచింది. నేను లేపలేదు.

ఎదురుగా ఆరడుగుల డ్రైవరు కూడా అలాగే, చెవి కప్పుకుని, సగమైపోయి నిలబడ్డాడు. ఎవరండీ ఈవిడ, ఎవర్ని చూసి ఇంత భయం అని అడిగాడు. ఈసారి నవ్వలేదు.



ఏప్రిల్ 10

మార్చి 5న “అంతే” అని రాశాను. ఆ మాట కొట్టేశాను.

ఏప్రిల్ 16, బుధవారం

పుస్తకం బెంచీ మీద పెట్టాను. చెట్టులా ఊగాను. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. చిర్రెత్తుకొచ్చింది. అయినా ఊగాను.

ఏప్రిల్ 23, ఎనిమిదో క్లాసయ్యాక, సాయంత్రం

తలుపు చప్పుడైతే తీశాను. ఆమె. నా మొహం కంటే ముందు చేతులు చూసింది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గుమ్మంలోనే కొంచెం ఊగాను.