ఏడో నంబరు సీసాలోని గాజుపిల్ల

అయ్యా,

విషయం: నా భార్య చేపల బుట్ట మంచినీటి సర్వేలోకి ప్రవేశించుట – తప్పు ఒప్పుకొనుట – అయినను ఏడో నంబరు సీసాను పారబోయవద్దని కోరుట – గురించి.

1. నేను తమ కార్యాలయంలో తొమ్మిదేళ్లుగా నీటి నమూనాలు పట్టుచున్నాను. చేపలు నీళ్లలో వదిలే జిగురు, పొలుసు, మలం వగైరాల డీఎన్ఏను బట్టి, చేప మొహం చూడకుండానే ఏ జాతి ఉందో చెప్పే సర్వే నిమిత్తం గత నెలలో పెద్ద చెరువు నుండి పదహారు సీసాలు పట్టితిని.

2. ఫలితాలలో పన్నెండు జాతులు తేలినవి. అందులో వంజరం, చందువ మొదలుకొని పదకొండు సముద్రపువి. తమరు సంతోషించి రెండు రోజులు వల లాగించగా ఒక చెప్పు పడినది. సముద్రం నుండి చెరువుకు సొరంగం ఉన్నదేమో వెతకమని ఇంజనీరు గారిని పురమాయించితిరి. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు. దయచేసి వెనక్కి పిలిపించగలరు.

3. శుభ్రత తెలుసుకొనుటకు నాతో పంపిన శుద్ధజలం సీసాలోనూ వంజరమే దొరికినది. బిగించిన మూత తీసుకుని అది లోపలికి ఈదినదని నేను బొంకలేను. జరిగినది ఇది. సీసాకొక జత గ్లౌజులు వాడి పారేయవలెనని నిబంధన. నిక్షేపంలాంటి గ్లౌజులు పారేయడానికి ప్రాణం ఒప్పక, మళ్లీ వాడుటకు ఇంటికి తెచ్చి, ఉతికి, దండెం మీద ఆరవేయుచుంటిని. నా భార్య సముద్రపు చేపలు అమ్మును. ఆమె వాటినే తొడుక్కుని చేపలు కోసి, మళ్లీ ఉతికి, యథాస్థానంలో ఆరవేయుచున్నదని తమ నోటీసు అందిన రోజున తెలిసినది.

“ఏమే, నా గ్లౌజులు నువ్వు వాడుతున్నావా?” అని అడిగితిని.

“అవి నీవేం కాదుగా, ఆఫీసువి! పొలుసు తీస్తుంటే చేతులు చీరుకుపోతున్నాయని ఎన్నిసార్లు చెప్పాను? పట్టించుకున్నావా?” అనినది.

దీనికి సమాధానము తమ వద్ద ఉన్నచో తెలియజేయగలరు.

4. పదహారు సీసాలూ శనివారం పారబోయవలెనని తమ ఉత్తర్వు. నా జీతం కోయండి, ఫైళ్ల గదిలో పడేయండి, నోరెత్తను. కానీ ఆ పన్నెండో చేప ఉంది చూశారూ, ఏడో సీసాలో ఒక్కదాంట్లోనే దొరికింది, అది గాజుపిల్ల అయ్యా! వేలెడంత ఉంటుంది. ఎండలో పట్టుకుంటే ముళ్లు లెక్కపెట్టవచ్చు. మా నాన్న వలలో పడేది. ఇరవై ఏళ్లుగా ఎవరి వలలోనూ పడలేదు. దాని పేరు సర్వే జాబితాలో లేకపోతే చెరువు పడమటి మూల పూడ్చి కార్లు నిలుపుతారట. అది ఉండేది ఆ మూలే. ఫలితం చదివి నేను ఏడ్చాను. కన్నీరు సీసాలో పడలేదని మనవి.

కావున ఏడో సీసాను ఉంచి, ఆ మూలనే కొత్త గ్లౌజులతో, కావాలంటే వేరేవాళ్ల చేతులతో, నీళ్లు మళ్లీ పట్టించవలెనని ప్రార్థన. కోపం చల్లారాకనే చిత్తగించవలెను.

శుభ్రంగా కడిగిన చేతులతో,
తమ విధేయుడు,
నీటి నమూనాలు పట్టువాడు

తా.క.: అయ్యా, నేను ఈయన భార్యని. ఈ కాగితం చదివాను, జాబితా కూడా చూశాను. ఆ పదకొండూ ఆ వారం నా బుట్టలోవే, ఒక్కటీ తప్పు పోలేదు. మీ మిషను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆ పన్నెండోది మాత్రం నాది కాదు. పద్దెనిమిదేళ్లుగా చేపలు అమ్ముతున్నాను, దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నా చేతికి తగలని చేప నా గ్లౌజుకి ఎలా అంటుతుంది? అది మీ చెరువుదే.