ఏడో నంబరు అసలు డైరీ

పదహారేళ్ళ మూడు నెలల వయసున్న నేను, రోజుకి పదకొండు మాత్రలు మింగుతున్నా బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఆసుపత్రి మూడో అంతస్తులో కిటికీ లేని గదిలో కూర్చుని నా ఇష్టపూర్తిగా రాస్తున్న వీలునామా ఇది. పద్దెనిమిది నిండనివాళ్ళు రాస్తే చెల్లదని తెలుసు. చెల్లకపోయినా చదవండి. ఫార్మాట్ తాతయ్య వీలునామా జిరాక్స్ చూసి కాపీ కొట్టాను. ఆయనకి పొలం ఉంది, నాకు లేదు కాబట్టి ఆ పేజీలు వదిలేశాను.

ఇంగ్లీషులో రాస్తే నాకు ఈజీ. కానీ ఇంగ్లీషులో నాకు అబద్ధం కూడా ఈజీగానే వస్తుంది. నెల రోజులకి పైగా ఆసుపత్రి ఫారాల్లో ఇంగ్లీషులోనే అబద్ధాలు రాశాను. అందుకే ఇది తెలుగులో. ఒత్తులు తప్పుంటే సర్దుకోండి.

1. చెల్లికి: కిటికీ పక్క మంచం. దీని గురించి మనం ఆరేళ్ళుగా జుట్లు పట్టుకుని కొట్టుకున్నాం. ఇప్పుడు నాకు జుట్టు లేదు కాబట్టి నువ్వే గెలిచావ్. ఇయర్‌ఫోన్స్ కూడా నీవే, కుడివైపుది పనిచెయ్యదు. నా అల్మైరాలో కింది అర మాత్రం నువ్వు తియ్యకు, అమ్మని తియ్యనివ్వు.

2. నా బెస్ట్ ఫ్రెండుకి: ఏమీ లేదు. నాకోసం జుట్టు కత్తిరించుకుని ఫోటో పెట్టావ్. మూడొందల లైకులొచ్చాయి. నీ జుట్టు మళ్ళీ భుజాల దాకా పెరిగింది, నువ్వు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. సరే, జామెట్రీ బాక్స్ తీసుకో. కోపం పోలేదు, కానీ అది నువ్వు తీసుకుంటేనే బావుంటుంది.

3. నాన్నకి: నా హెల్మెట్. స్కూటర్ మీద నువ్వు హెల్మెట్ లేకుండా తిరుగుతూ నన్ను జాగ్రత్తగా ఉండమంటావ్. ఇంకోటి. "మీ చెల్లెలి ప్రయోగాలకి నా కూతురే దొరికిందా" అని అమ్మతో వంటింట్లో అన్నావ్ కదా, నేను విన్నాను. పిన్ని నన్ను అడగలేదు నాన్నా. వేరే మందులన్నీ అయిపోయాయి, పిన్ని మందు ట్రయల్‌లో నేనే చేరతానన్నాను. పిన్నిని తిట్టడం ఆపెయ్యి. ఇది రిక్వెస్ట్ కాదు, వీలునామాలో రాస్తున్నా కాబట్టి ఆర్డర్.

4. పిన్నికి: నా మీద కోపం తెచ్చుకునే పూర్తి హక్కు.

మిగతావాళ్ళకి తెలియాలి కాబట్టి రాస్తున్నా. పిన్ని పన్నెండేళ్ళ కిందట కాలేజీ ల్యాబ్‌లో ఒక మందు కనిపెట్టింది. ఎలుకల్లో ఎముక క్యాన్సర్ గడ్డలు కరిగిపోయాయి. పేపర్ అచ్చయింది, అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. "పేపర్లో ఎలుకలే బతుకుతాయే, పిల్లలు బతకరు" అని ఉద్యోగం మానేసి, టైర్ల షాపు పైన రెండు గదుల్లో కంపెనీ పెట్టింది. ఒక గదిలో ఫ్రీజర్, ఇంకో గదిలో ఆమె. కరెంటు పోతే ముందు ఫ్రీజర్ దగ్గరికి పరిగెడుతుంది, తర్వాతే చెప్పులేసుకుంటుంది. పదేళ్ళు పట్టింది మనుషుల మీద ట్రయల్ దాకా రావడానికి.

ట్రయల్ ఎలా జరుగుతుందంటే, మెట్లెక్కినట్టు. ఒక్కో డోసు ఒక్కొక్కరికి. వాళ్ళకి ఏం కాకపోతే తర్వాతి నంబరుకి డోసు పెంచుతారు. నాకు ఏడో నంబరు ఇచ్చారు. పిన్ని కంపెనీ కాబట్టి పిన్ని నా ఫైలు చూడకూడదు, నన్నేం అడగకూడదు. అది రూల్. అందుకే మా ఇంటికొస్తే నాతో సినిమాల గురించి మాత్రమే మాట్లాడేది. "ఎలా ఉన్నావే" అనడం కూడా మానేసింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ నా మొహం మాత్రం చూసేది.

ఒకరోజు మా మేడమీద ఫోన్లో ఏడుస్తూ మాట్లాడావ్ పిన్నీ. పెట్టుబడి పెట్టిన టై అంకుల్‌తో. ఈ మెట్టు దాటకపోతే కంపెనీ మూసెయ్యాలన్నాడని నాకర్థమైంది. నేను బట్టలు తియ్యడానికి వచ్చి తలుపు వెనకే ఆగిపోయాను. నా కాళ్ళు మొద్దుబారడం మొదలై అప్పటికి రెండ్రోజులు. ఎవరికీ చెప్పకూడదని ఆ తలుపు వెనకే అనుకున్నాను. నీ కోసమే అని రాస్తే మంచిదాన్నవుతాను, కానీ పూర్తి నిజం కాదు. గడ్డ తగ్గుతోంది. చెప్తే నాకు మందు ఆపేస్తారు.

5. ట్రయల్ డాక్టరుగారికి: నా అసలు డైరీ. రోజూ ఇక్కణ్ణుంచి ఇంటికెళ్ళాక బయాలజీ రికార్డు బుక్కు వెనకవైపు నుంచి రాశాను, ఇంట్లో నా అల్మైరా కింది అరలో ఉంది. మీకు రోజూ ఇచ్చిన ఫారాలు నమ్మకండి. వాటిలో అన్ని రోజులూ ఇబ్బందుల దగ్గర సున్నాలే పెట్టి, కింద "ఫీలింగ్ ఫైన్" అని రాశాను. అసలుది ఇలా ఉంటుంది:

తొమ్మిదో రోజు. ఎడమ కాలి బొటనవేలు ఉంది, కానీ ఉన్నట్టు లేదు.

పదహారు. చెప్పు రోడ్డు మీదే వదిలేసి నడిచానట. అమ్మ చెప్పేదాకా తెలీదు.

ఇరవై ఏడు. బాత్రూంలో పడ్డాను. బకెట్ పడిందని చెప్పాను.

ముప్పై ఎనిమిది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చాయి.

నలభై. మధ్యాహ్నం కాసేపు, ఊపిరి పీల్చాలని గుర్తు తెచ్చుకుని పీల్చాల్సి వచ్చింది.

మీరు సూదితో అరికాలు గుచ్చి చూసినప్పుడు కళ్ళు మూసుకోమన్నారు కదా. సగమే మూశాను. మీ మోచెయ్యి కదిలినప్పుడల్లా "ఆ, తెలిసింది" అన్నాను. ఇరవైకి ఇరవై వచ్చాయి. క్లాసులో నాకెప్పుడూ ఇరవైకి ఇరవై రాలేదు. "వెరీగుడ్ అమ్మా, నువ్వు మా స్టార్ పేషెంట్‌వి" అన్నారు మీరు. మీ తప్పేం లేదు. నేను బాగా చేశాను, అంతే.

6. పసుపు టోపీ పిల్లకి: ఎనిమిదో నంబరు. ఆరేళ్ళుంటాయి. డ్రిప్ స్టాండ్‌కి బొమ్మకుక్కని కట్టి వాకింగ్‌కి తీసుకెళ్తుంది. నిన్న నన్నాపి "అక్కా, నీ కాలుకి నిద్రొచ్చిందా?" అంది. ఇంతమంది డాక్టర్లకి దొరకలేదు, దీనికి దొరికిపోయాను. "అవును, లేపకు" అన్నాను.

తర్వాత కారిడార్‌లో వాళ్ళ నాన్నతో డాక్టరుగారు అంటుంటే విన్నాను. "ఏడో పేషెంట్ రిపోర్టు చాలా క్లీన్‌గా ఉందండీ. అందుకే ధైర్యంగా పాపకి డోసు పెంచుతున్నాం. మంగళవారం పది గంటలకి." ఆయన చేతులు జోడించి "ఆ ఏడో పేషెంట్ ఎవరోగానీ, వాళ్ళ కాళ్ళకి దండం పెట్టాలి సార్" అన్నాడు. నేను పక్క బెంచీ మీదే ఉన్నాను. చెయ్యి వేసుకుని చూస్తే తప్ప ఎక్కడున్నాయో తెలియని కాళ్ళతో.

నా డోసుకే నేను ఊపిరి గుర్తు తెచ్చుకుని పీలుస్తున్నాను. ఆరేళ్ళ పిల్లకి అది గుర్తుంటుందా?

ఆ పిల్లకి నేను ఇస్తున్నది: డోసు పెంచకపోవడం.

7. అమ్మకి: ఏం రాయాలో తెలీట్లేదు. నా నీలం స్వెటర్ నువ్వు వేసుకో, నీకు సరిపోతుంది, నేను చిక్కిపోయాక నువ్వూ చిక్కిపోయావ్. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడవడం ఆపెయ్యి, నీళ్ళ చప్పుడు వెనక అంతా వినిపిస్తుంది. బకెట్ సంగతి సారీ. చెప్పు సంగతి కూడా.

8. ఎప్పుడు తెరవాలి: వీలునామా మనిషి పోయాక తెరుస్తారు. నేనూ అలాగే అనుకుని మొదలెట్టాను. కవరు మీద "నేను పోయాక" అని ముందే రాసేశాను కూడా. నేను పోయాక తెలిస్తే నన్ను ఎవరూ తిట్టలేరు కదా అని. కానీ రేపే మంగళవారం. నేను అంత త్వరగా పోను. కాబట్టి ఆ మాట కొట్టేశాను. ఇది ఈరోజే, నేను బతికుండగానే తెరవాలి.

తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు మందు ఆపేస్తారు. ఎముక నుంచి ఊపిరితిత్తిలోకి పాకిన గడ్డ మూడోవంతు తగ్గింది, మళ్ళీ పెరుగుతుంది. టై అంకుల్ పెట్టుబడి ఆపేసి పోతాడు. పిన్నీ, మందు చెడ్డది కాదు, డోసు ఎక్కడ ఆగాలో మాత్రం ఇన్నాళ్ళూ దాచేశాను. నా రికార్డు బుక్కులో అది ఉంది. దాంతో మళ్ళీ కిందనుంచి మొదలెట్టు. నాకు అందకపోయినా.

రాసినవాళ్ళు బతికున్నంతకాలం వీలునామా మార్చుకోవచ్చని తాతయ్య కాగితంలో ఉంది. ఇందుమూలంగా ఆ హక్కు వదులుకుంటున్నాను. నాకు చాలా భయంగా ఉంది. ఇచ్చాక ఖచ్చితంగా వెనక్కి అడుగుతాను. ఏడుస్తాను, అబద్ధం చెప్తాను, అది స్కూల్ ప్రాజెక్టు అంటాను. నాకు అబద్ధాలు బాగా వచ్చు. ఇవ్వకండి.

తేదీ: సోమవారం, మధ్యాహ్నం మూడున్నర.

సంతకం: ఏడో నంబరు పేషెంట్. (వంకరగా ఉంది. పెన్ను వేళ్ళలో నిలవట్లేదు. అయినా నాదే.)

సాక్షి 1: ఫిజియోథెరపీ సార్. సంతకం పెడుతుండగా చూశాను.

సాక్షి 2: వార్డు సిస్టర్. సంతకం చూశాను. మూడు నలభైకి కవరు నా చేతికిచ్చింది. నాలుగింటికి వెనక్కి అడిగింది. నాలుగుంపావుకి మళ్ళీ అడిగింది. అప్పటికే డాక్టరుగారు చదువుతున్నారు.